గుండెజబ్బు డబ్బున్నవాళ్ళ జబ్బేనా?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మా ఊళ్ళో ఒక మాట వుంది. గుండెపోటు కూర్చుని తినేవాళ్ళకు వస్తుందిగాని, ఒళ్ళు వంచి పనిచేసేవాడికి రాదని. మా పెదనాన్న కూడా ఈ మాట నమ్మినవాడే. ఆయన కౌలు రైతు. వయస్సు 54. సన్నని మనిషి. పొట్ట లేదు, షుగరు లేదు. చుట్ట కాల్చే అలవాటు మాత్రం వుండేది. రక్తపు పోటు వున్నదని ఒకసారి డాక్టరు బిళ్ళలు రాసి ఇస్తే రెండు నెలలు వేసుకుని, "బాగానే వున్నాగా" అని మానేశాడు.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్ నెల, దాళ్వా కోతల రోజులు. మొదటి సంవత్సరం పరీక్షలు రాసి నేను ఇంటి దగ్గరే వున్నాను. తెల్లవారుజామున పొలం వెళ్ళిన పెదనాన్న ఆరు గంటలకల్లా గుండె మీద చెయ్యి వేసుకుని తిరిగి వచ్చాడు. ఒళ్ళంతా చెమట. గుండెల మీద బస్తా పెట్టినట్టుందన్నాడు, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. అందరం గ్యాస్ అన్నాం. నేనే పరుగెత్తి వెళ్ళి కొట్లోంచి సోడా తెచ్చి ఇచ్చాను. పెద్దమ్మ వాము నమలమంది. మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి గ్యాస్ ఇంజక్షన్ చేశాడు. కాస్త తగ్గినట్టనిపించింది. టౌనుకు వెళ్దామంటే పెదనాన్న ఒప్పుకోలేదు. "మబ్బు పట్టిందిరా, పనలు తడిసిపోతాయి. కుప్ప వేశాక చూద్దాంలే" అన్నాడు. 108కి ఫోను చెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గ్యాస్ నొప్పికి ఎవరు పిలుస్తారు? మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ నొప్పి వచ్చింది. చేబదులు తెచ్చి, ఆటో మాట్లాడి, 30 కిలోమీటర్ల దూరం వున్న టౌనుకు బయలుదేరాం. ఆస్పత్రి గేటు చేరేలోగానే అయిపోయింది.

ఆ తరువాత ఆరు నెలలకు మా వీధిలోనే రైసు మిల్లు షావుకారుగారికి నొప్పి వచ్చింది. ఆయన వయస్సు 66. పదేళ్ళుగా షుగరు వుంది, బొద్దుగా వుంటారు. కొడుకు హైదరాబాదు నుంచి ఫోనులోనే "గుండె నొప్పి అయివుంటుంది, ఒక్క నిమిషం ఆగొద్దు" అన్నాడు. కారు సిద్ధంగా వుంది, డ్రైవరు వున్నాడు. గంటన్నరలో రాజమండ్రి చేరారు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. వారం రోజుల్లో ఇంటికి వచ్చారు. ఇప్పుడు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆయన నిండు నూరేళ్ళు బ్రతకాలనే మా ఇంట్లో అందరి కోరిక.

ఒకరోజు పెద్దమ్మ నన్ను అడిగింది: "ఒరే, నువ్వు సైన్సు చదువుతున్నావు కదా. ఆ షావుకారుగారికి వచ్చిందీ, మీ పెదనాన్నకు వచ్చిందీ ఒకటేనా?"

ఆనాడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. తరువాత లైబ్రరీలో కూర్చుని, లెక్చరర్లను అడిగి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

అసలు గుండెపోటు అంటే ఏమిటి?

గుండె మన పిడికిలి అంత వుండే కండ. నిమిషానికి 72 సార్ల చొప్పున రోజుకు లక్ష సార్లకు పైగా కొట్టుకుంటుంది. శరీరమంతటికీ రక్తం పంపే ఈ కండకు కూడా రక్తం కావాలి. ఆ రక్తాన్ని అందించేవి దాని ఉపరితలం మీద పాకివుండే హృదయ ధమనులు. ఏళ్ళు గడిచేకొద్దీ వీటి గోడల్లో కొలెస్టరాల్, ఇతర కొవ్వు పదార్థాలు పేరుకుంటాయి. పొలం బోదెలో ఒండ్రు పేరుకున్నట్టే అనుకోవచ్చు. కాని ఒక తేడా వుంది. బోదె నెమ్మదిగా పూడిపోతుంది. ధమనిలో పేరుకున్న గడ్డ మాత్రం ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఆ క్షణం నుంచి దాని కింది గుండె కండకు ప్రాణవాయువు అందదు. ఇదే గుండెపోటు.

సుమారు అరగంట గడిచేసరికి కండ చావటం మొదలవుతుంది. ఆరు గంటలయ్యేసరికి చావవలసిన భాగంలో చాలావరకు చచ్చిపోతుంది. చచ్చిన గుండె కండ మళ్ళీ పెరగదు. అందుచేత చికిత్స అంతా కాలంతో పందెం. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇవ్వటం ఒక పద్ధతి. సన్నని గొట్టం పంపి, మూసుకున్న చోట బుడగ ఉబ్బించి, స్టెంటు నిలబెట్టటం రెండవ పద్ధతి. రెండింటికీ గంటలే కాదు, నిమిషాలు కూడా లెక్కే.

మరి గ్యాస్ అని ఎందుకు పొరబడతాం? గుండె నుంచీ, పొట్ట పైభాగం నుంచీ, ఎడమ చేతి నుంచీ, దవడ నుంచీ నొప్పి కబురు తెచ్చే నరాలు వెన్నుపాములో దగ్గర దగ్గరగా, కొంతవరకు కలిసే చేరుతాయి. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. అందువల్ల గుండె నొప్పి కడుపులో మంటగా, చేతి లాగుడుగా, దవడ నొప్పిగా తెలియవచ్చు. ఇది పామరులకే కాదు, చదువుకున్నవాళ్ళకూ తప్పని పొరపాటు.

ఈ జబ్బు ఎవరికి ఎక్కువ వస్తుందో తెలుసుకోవటానికి 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకుని ఏళ్ళ తరబడి పరిశీలించారు. రక్తపు పోటు, కొలెస్టరాల్, పొగ త్రాగుడు, మధుమేహం ఈ జబ్బుకు దారితీస్తాయని తేల్చిన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది.

మరణాలను పోల్చటం ఎలా?

ప్రాంతాల మధ్య పోలిక చేసేముందు ఒక జాగ్రత్త అవసరం. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పల్లెలో పదివేల మంది జనాభా అనుకోండి. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళిపోగా అందులో 2,000 మంది 60 ఏళ్ళు దాటినవాళ్ళు. ఒక పట్టణంలో కూడా పదివేల జనాభాయే, కాని 60 దాటినవాళ్ళు 800 మందే. రెండు చోట్లా వృద్ధుల్లో నూటికి ఇద్దరు చొప్పున ఏటా గుండెజబ్బుతో చనిపోతున్నారనుకుందాం. పల్లెలో 40 మరణాలు, పట్టణంలో 16 మరణాలు లెక్క తేలుతాయి. చూడగానే పల్లెలో జబ్బు రెండున్నర రెట్లు ఎక్కువ అనిపిస్తుంది. నిజానికి తేడా ఏమీ లేదు. ఎక్కువ వున్నది వయస్సే.

కాబట్టి శాస్త్రజ్ఞులు రెండు ప్రాంతాల్లోనూ వయస్సుల పంపకం ఒకేలా వుంటే ఎంతమంది చనిపోయేవారో లెక్కకట్టి, అప్పుడే పోలుస్తారు. దీనిని వయస్సును సరిచేసిన మరణాల రేటు అంటారు. ముందు ముందు చెప్పబోయే ప్రాంతీయ పోలికలకు ఈ జాగ్రత్తే పునాది.

ఫిన్లండు తూర్పు సీమ కథ

గుండెజబ్బు సంపదతోపాటు వచ్చిందనే మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగానికి ఐరోపా, అమెరికా దేశాల్లో వెన్న, మాంసం, సిగరెట్లు పెరిగాయి. గుండెపోట్లూ పెరిగాయి. ఐతే ఆ దేశాల లోపల మ్యాపు పరిచి చూస్తే కథ వేరు.

1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో గుండెజబ్బు మరణాలు అతి హెచ్చుగా కనిపించిన చోటు తూర్పు ఫిన్లండు. అది ధనిక ప్రాంతం కాదు. అడవుల్లో కలప కొట్టుకునేవాళ్ళు, నాలుగు పాడి ఆవులను పెట్టుకుని బ్రతికే చిన్న రైతులు వుండే వెనుకబడిన సీమ. ఉదయం నుంచి రాత్రి దాకా ఒళ్ళు వంచి పనిచేసే జనం. "ఒళ్ళు వంచి పనిచేసేవాడికి రాదు" అనే మా ఊరి మాట అక్కడే తప్పిపోయింది. ఆ సీమలో ఉత్తర కరేలియా అనే రాష్ట్రం ప్రజా ప్రతినిధులు 1971 జనవరిలో తమ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మా మగవాళ్ళు నడివయస్సులోనే రాలిపోతున్నారు, ఏదైనా చెయ్యండి అని.

1972లో పని మొదలైంది. నాయకత్వం వహించిన పెక్కా పుస్కా అనే డాక్టరుకు అప్పుడు 27 ఏళ్ళు. మనకన్నా ఏడెనిమిదేళ్ళు మాత్రమే పెద్ద! ఆయన బృందం పెద్ద ఆస్పత్రులు కట్టించటంతో మొదలు పెట్టలేదు. పల్లెల్లో నర్సుల చేత రక్తపు పోటు చూపించింది. మహిళా సంఘాలతో కలిసి వెన్న తగ్గించి కూరగాయలు పెంచే వంటలు నేర్పింది. పొగ మానమని ఊరూరా ప్రచారం చేసింది.

ఇక్కడ రైతు బిడ్డగా నన్ను ఆలోచింపజేసిన చిక్కు ఒకటుంది. పాడి మీద బ్రతికే రైతుతో వెన్న తినవద్దు అంటే ఆ రైతు ఏమైపోవాలి? మొదట రైతులు గోల పెట్టారు కూడా. అప్పుడు ఆ నేలలో పండే బెర్రీ పళ్ళ సాగును ప్రోత్సహించారు. చలి దేశంలోనూ పండే ఒక రకం ఆవజాతి గింజల నుంచి నూనె తీయటం దేశంలో పెరిగింది. జనం ఆరోగ్యం మారాలంటే రైతు రాబడి గురించి కూడా ఆలోచించాలని వాళ్ళు గ్రహించారు. సుమారు నలభై ఏళ్ళలో అక్కడి పనిచేసే వయస్సు మగవాళ్ళ గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గిపోయాయి.

ఒకే నగరం, ఒకే ప్రభుత్వం – జీతాలు వేరు

ప్రాంతాల మధ్య తేడాకు తిండి, చలి కారణం కావచ్చు అని ఎవరైనా అనవచ్చు. ఐతే ఒకే నగరంలో, ఒకే రకం కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళను చూద్దాం. 1967లో లండనులో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో 40 నుంచి 64 ఏళ్ళ మధ్య వయస్సున్న సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను పరీక్షించి, తరువాత వాళ్ళలో ఎవరు ఏ జబ్బుతో చనిపోయారో లెక్క పెట్టారు. మైకేల్ మార్మట్, ఆయన సహచరులు 1978లో ప్రకటించిన ఫలితం ఇది: ఏడున్నరేళ్ళలో పై అధికారులతో పోలిస్తే అట్టడుగు హోదాలో వున్న బంట్రోతుల వంటివారిలో గుండెజబ్బు మరణాలు 3.6 రెట్లు.

బంట్రోతులు పొగ ఎక్కువ త్రాగేవారన్నది నిజమే. కాని పొగ, రక్తపు పోటు, కొలెస్టరాల్ అన్నీ లెక్కలో సరిచేసినా తేడాలో చాలా భాగం మిగిలిపోయింది. మరొక సంగతి. అది ఆకలితో మాడే బీదలకూ కోటీశ్వరులకూ మధ్య తేడా కాదు. మెట్టు దిగినకొద్దీ మరణాలు పెరిగాయి. రెండో మెట్టు మీద వున్నవాడు కూడా మొదటి మెట్టువాడి కన్నా ఎక్కువ ప్రమాదంలో వున్నాడు. పైగా ఆ దేశంలో 1948 నుంచే అందరికీ ఉచిత వైద్యం వుంది. అంటే ఆస్పత్రి ఒక్కటే సరిపోదు. తన పని మీద తనకు అదుపు లేని జీవితం, తీరని ఆందోళన కూడా గుండె మీద భారం వేస్తాయని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. అప్పు వడ్డీ, వాన రాకడ, కౌలు బస్తాలు – వీటి మధ్య బ్రతికేవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

తల్లి కడుపు నుంచే

ఇంగ్లండులోనే డేవిడ్ బార్కర్, క్లైవ్ ఆస్మండ్ అనే పరిశోధకులు 1986లో ఒక చిత్రమైన పోలిక ప్రకటించారు. ఇంగ్లండు, వేల్సులలోని 212 ప్రాంతాలను తీసుకున్నారు. 1968–78 మధ్య ఎక్కడ గుండెజబ్బు మరణాలు ఎక్కువో చూశారు. 1921–25 మధ్య ఎక్కడ పసిబిడ్డల మరణాలు ఎక్కువో చూశారు. రెండు మ్యాపులూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఒకప్పుడు బీదరికంలో పసిబిడ్డలు రాలిపోయిన చోటనే, ఆ రోజుల్లో పుట్టి బ్రతికి బయటపడినవాళ్ళు పెద్దయ్యాక గుండెజబ్బుతో పోతున్నారన్నమాట! తల్లి కడుపులో వున్నప్పుడు, పసితనంలో సరైన పోషణ లేకపోతే ఆ లోటు శరీర నిర్మాణంలో వుండిపోతుందని బార్కర్ వాదించారు.

ఇది మన దేశానికీ వర్తిస్తుందా? 1996లో వెలువడిన మైసూరు అధ్యయనం దీనికి జవాబు. అక్కడి ఒక మిషన్ ఆస్పత్రిలో 1934–54 మధ్య పుట్టినవాళ్ళ కాన్పు రికార్డులు భద్రంగా వున్నాయి. వాళ్ళను వెదికి పట్టుకుని పరీక్షించారు. 45 ఏళ్ళు దాటినవాళ్ళలో, పుట్టినప్పుడు రెండున్నర కిలోలు లేదా అంతకు తక్కువ బరువున్నవారిలో నూటికి 11 మందికి గుండెజబ్బు వుంది. 3.1 కిలోలకు మించి బరువున్నవారిలో నూటికి ముగ్గురికే వుంది. అంటే మా నాయనమ్మ కడుపుతో వుండి నాట్లు వేసిన రోజుల్లో తిన్నదీ తిననిదీ కూడా ఈ లెక్కలో చేరుతుంది.

ధనిక దేశాలూ, పేద దేశాలూ

ఇప్పుడు ప్రపంచమంతటినీ ఒకేసారి చూద్దాం. 2014లో 'ప్యూర్' అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 17 దేశాల్లో 628 ఊళ్ళూ పేటల నుంచి 1,56,424 మందిని తీసుకుని సగటున నాలుగేళ్ళకు పైగా గమనించారు. కెనడా, స్వీడను వంటివి ధనిక దేశాలు. భారతదేశం, పాకిస్తాను, బంగ్లాదేశ్, జింబాబ్వేలు తక్కువ ఆదాయం దేశాల జాబితాలో వున్నాయి.

ముందు ప్రమాద కారణాలకు మార్కులు వేశారు. పొగ, షుగరు, రక్తపు పోటు, తిండి వగైరాలన్నీ కలిపి ఎన్ని ఎక్కువ మార్కులు వస్తే అంత ప్రమాదం. ధనిక దేశాలకు 12.89, మధ్యాదాయ దేశాలకు 10.47, తక్కువ ఆదాయం దేశాలకు 8.28 వచ్చాయి. దీని ప్రకారం మనవాళ్ళు అందరికన్నా క్షేమంగా వుండాలి. కాని జరిగింది తలక్రిందులు. గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు ఏడాదికి వెయ్యిమందికి ధనిక దేశాల్లో 3.99, మధ్యాదాయ దేశాల్లో 5.38, తక్కువ ఆదాయం దేశాల్లో 6.43 జరిగాయి. ఆపద వచ్చినవాళ్ళలో చనిపోయినవాళ్ళు ధనిక దేశాల్లో నూటికి 6.5, మధ్యాదాయ దేశాల్లో 15.9, తక్కువ ఆదాయం దేశాల్లో 17.3.

ఈ అంకెలు చదివినప్పుడు మా వీధి నా కళ్ళ ముందు కదిలింది. ప్రమాద కారణాలు ఎక్కువ వున్న షావుకారుగారు అరుగు మీద కూర్చున్నారు. సన్నగా, షుగరు లేకుండా వున్న పెదనాన్న లేడు. దేశాల మధ్య జరుగుతున్నదే ఒక వీధిలో రెండిళ్ళ మధ్య జరిగింది.

మన పల్లెల సంగతి

మన దేశంలో 1990లో మొత్తం మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 15.2 శాతం. 2016 నాటికి అది 28.1 శాతం. ఈ జబ్బులున్నవాళ్ళు కేరళ, పంజాబు, తమిళనాడు వంటి కాస్త ముందున్న రాష్ట్రాల్లో ఎక్కువ. ఇది చూసి కొందరు ఇప్పటికీ దీన్ని కలిగినవాళ్ళ జబ్బనే అంటారు. కాని జబ్బు వుండటం వేరు, జబ్బుతో చనిపోవటం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే అసలు విషయం తప్పిపోతుంది.

మన గోదావరి జిల్లాల్లోనే దీనికి సాక్ష్యం వుంది. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సుమారు 1,80,000 జనాభాలో ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాలను నమోదు చేశారు. పల్లెల్లో చాలామంది ఇంట్లోనే పోతారు, కారణం రాసేవాళ్ళు వుండరు. అందుచేత శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, "నొప్పి ఎక్కడ వచ్చింది, ఎంతసేపు వుంది, చెమట పట్టిందా" అని ఇంటివారిని అడిగి రాసుకున్నారు. దాన్నిబట్టి డాక్టర్లు మరణ కారణం తేల్చారు. ఫలితం ఏమిటంటే, మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటు జబ్బులన్నీ కలిపినా 12 శాతమే. పల్లెటూరి వాడికి గుండెపోటు రాదన్న మాట అప్పటికే అబద్ధమైపోయింది.

ఇదే రకంగా దేశమంతటా లక్షల ఇళ్ళలో అడిగి తెలుసుకున్న అధ్యయనం 2018లో మరొక సంగతి చెప్పింది. 30 నుంచి 69 ఏళ్ళ మధ్య గుండెపోటు రకం జబ్బుతో చనిపోయే అవకాశం 2000లో మగవాళ్ళకు 10.4 శాతం వుంటే 2015 నాటికి 13.1 అయింది. ఆడవాళ్ళకు 4.8 నుంచి 6.6 అయింది. గ్రామాల్లో మరణాల రేటు త్వరత్వరగా పెరిగి పట్టణాలను దాటిపోయింది. జబ్బు వున్నదని ముందే తెలిసి చనిపోయినవాళ్ళలో కనీసం సగం మంది ఏ మందూ క్రమంగా వాడటం లేదు. రక్తపు పోటు బిళ్ళ మానేసిన మా పెదనాన్న ఒంటరివాడు కాదని అప్పుడు తెలిసింది.

తేడా ఎక్కడుంది?

పెద్దమ్మ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అధ్యయనం 2008లో వచ్చింది. మన దేశంలో 50 నగరాల్లోని 89 ఆస్పత్రుల్లో చేరిన 20,468 మంది రోగుల వివరాలు అందులో వున్నాయి. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆస్పత్రి చేరటానికి పట్టిన కాలాలన్నీ వరుసలో పెడితే తీవ్రమైన గుండెపోటు వచ్చినవాళ్ళలో సరిగ్గా మధ్యన వున్నవాడికి 360 నిమిషాలు. అంటే ఆరు గంటలు! కండ చావటం గురించి పైన చెప్పిన ఆరు గంటలే ఇవి. ఆస్పత్రిలో చేరాక ఇంజక్షన్ ఇవ్వటానికి పట్టింది మాత్రం 50 నిమిషాలే. కాలం ఆస్పత్రిలో కన్నా ఇంట్లో, ఆర్.ఎం.పి. దగ్గర, ఆటో కోసం, డబ్బు కోసం ఎదురుచూడటంలో పోతోంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఆస్పత్రి చేరినవాళ్ళలో కూడా నెల రోజుల్లో బీదలు నూటికి 8.2 మంది చనిపోతే, ధనికులు 5.5 మంది చనిపోయారు. బీదలకు కొన్ని మందులు, ఆపరేషన్లు తక్కువగా అందాయి. చికిత్సలో వున్న ఈ తేడాను లెక్కలో సరిచేయగానే మరణాల్లోని తేడా మాయమైపోయింది. గుండెలో తేడా లేదు. గుండెకు అందిన వైద్యంలోనే తేడా.

ఆ అంతరాన్ని తగ్గించే ప్రయత్నాలు మన దగ్గర జరగలేదని అనలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలై ఎందరో బీదల గుండె ఆపరేషన్లకు ఆసరా అయింది. ఐతే పథకం కార్డు జేబులో వున్నా, నొప్పిని గ్యాస్ అనుకుని ఆరు గంటలు ఇంట్లో కూర్చుంటే ఆ కార్డు ఎవరినీ కాపాడలేదు. అలాగే ఎంత తెలిసినా, దగ్గరలో ఇ.సి.జి. తీసే చోటు, ఇంజక్షన్ ఇచ్చే చోటు లేకపోతే ఆ తెలివీ కాపాడలేదు. రెండూ కావాలి.

మనం చేయగలిగింది

మిత్రులారా, మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. సంక్రాంతికో, వేసవి సెలవులకో ఇంటికి వెళ్ళినప్పుడు మనం చేయగలిగిన పనులు కొన్ని వున్నాయి. నలభై దాటిన ఇంటి పెద్దలను దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకువెళ్ళి రక్తపు పోటు, షుగరు చూపించవచ్చు. రాసి ఇచ్చిన బిళ్ళలు బాగున్నంత మాత్రాన మానరాదనీ, బాగుండటానికి కారణం ఆ బిళ్ళలేననీ చెప్పవచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా ఒకటేనని చెప్పవచ్చు. గుండెల మీద బరువు, చెమట, చెయ్యో దవడో లాగటం వుంటే సోడా కాదు, వాము కాదు, వెంటనే 108 అని చెప్పవచ్చు. మన ఊరికి దగ్గరలో రాత్రింబగళ్ళు ఇ.సి.జి. తీసే ఆస్పత్రి ఏదో ముందే కనుక్కుని గోడ మీద రాసి పెట్టవచ్చు. లేకపోతే ఎందుకు లేదని అర్జీ పెట్టవచ్చు. ఉత్తర కరేలియా కథ కూడా ఒక అర్జీతోనే మొదలైంది.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ దగ్గర కూర్చుని చెప్పాను. "ఒకటే పెద్దమ్మా. ఇద్దరికీ వచ్చింది ఒకటే జబ్బు. ఆయన గంటన్నరలో వెళ్ళారు. మనం ఏడు గంటల తరువాత బయలుదేరాం."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాన్నకి కూడా ఒకసారి చూపించరా" అంది.

మర్నాడే చూపించాం. నాన్నకు రక్తపు పోటు 160. చూపించేదాకా ఆ సంగతి ఆయనకే తెలియదు. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి హాస్టలు నుంచి ఫోను చేసి ఒకే మాట అడుగుతాను: "బిళ్ళ వేసుకున్నావా నాన్నా?" మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు నేను అడగకముందే "వేసుకున్నాన్రా" అంటున్నాడు.